కెప్టెన్‌ని ఎప్పుడు అమ్మాలి? ఐస్ హాకీ ట్రేడ్‌ల లోపలి లెక్క

(కాల్గరీలో తెలుగువారి సాయంకాల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. టీ ఎక్కడికీ పోదు.

ముందుగా పెద్దవాళ్ళకో మాట. హాకీ అనగానే ధ్యాన్‌చంద్ గుర్తొచ్చేవాళ్ళు ఈ గదిలో చాలామందే ఉన్నారు. ఇవాళ మాట్లాడుకునేది గడ్డి మీద ఆడే హాకీ కాదు. మంచు మీద ఆడేది. మీ మనవలు పొద్దున్న ఆరింటికే మిమ్మల్ని లేపి రింక్‌కి తీసుకెళ్ళమంటారే, ఆ హాకీ. అందులో పెద్ద లీగైన ఎన్‌హెచ్‌ఎల్ గురించి.

ఇక అసలు గొడవకి వద్దాం. ఏటా ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే, అంటే ట్రేడ్‌ల (జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడి) గడువు, డెడ్‌లైన్, దగ్గరపడిందంటే, ఈ ఊళ్ళో, ఆ మాటకొస్తే ఏ హాకీ ఊళ్ళోనైనా, ఒకటే వాదన. జట్టు కింద పడుంది. కెప్టెన్‌కి ముప్పై అయిదు దాటాయి. పన్నెండేళ్ళుగానో పదిహేనేళ్ళుగానో ఒకే చొక్కా వేసుకుని ఆడాడు. ఇప్పుడతన్ని ఇచ్చేసి కుర్రాళ్ళని తెచ్చుకోవాలా, వద్దా? ఒకాయన ‘సిగ్గులేదా, మన ఇంటి మనిషిని అమ్ముతారా’ అంటాడు. ఇంకొకాయన ‘మోజు తీరేదాకా ఉంచుకుంటే చివరికి చేతిలో ఏం మిగులుతుంది’ అంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. కానీ ఇద్దరూ వాదించేది ఆటగాడి గురించే. ధర తేల్చేది ఆటగాడు కాదు. నేను చెప్పదలిచింది ఈ ఒక్క ముక్కే. ధర తేల్చేది తేదీ, ఆపైన ఒక సంతకం, ఆపైన జీతాల లెక్క. ఈ మూడూ తెలియకుండా ‘ముగ్గురు కుర్రాళ్ళూ ఒక ఫస్ట్ రౌండ్ పిక్కూ (ఏటా జట్లు వరసగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మొదటి విడతలో ఒకణ్ణి ఎంచుకునే హక్కు) రావాలి’ అని కూర్చుంటే, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

దీన్ని చూపించడానికి మన ఊరి కంటే మంచి ఊరు దొరకదు. ఎందుకంటే ఒకే మనిషి కాల్గరీకి కుర్రాడిగా వచ్చాడు, వెటరన్‌గా వెళ్ళాడు. రెండుసార్లూ ట్రేడే. జరోమ్ ఇగిన్లా.

1995 డిసెంబరు. కాల్గరీ ఫ్లేమ్స్‌లో జో న్యూవెన్‌డైక్ అనే సెంటర్ ఆటగాడున్నాడు. వయసు 29. తొలి రెండు పూర్తి సీజన్లలోనూ ఏటా 51 గోల్స్ కొట్టినవాడు. 1989లో కాల్గరీ స్టాన్లీ కప్, అంటే లీగ్ టైటిల్, గెలిచిన జట్టులో ఉన్నవాడు. అతనికీ జట్టుకీ జీతం దగ్గర పేచీ వచ్చింది. ఆ సీజన్‌లో మంచు మీద అడుగే పెట్టలేదు. ఇంట్లో కూర్చున్నాడు. అలాంటివాణ్ణి డల్లాస్ స్టార్స్‌కి ఇచ్చారు. డల్లాస్ అంటే మనవాళ్ళకి కొత్త ఊరేం కాదుగా, ఆ స్టార్స్ ఇప్పుడు ప్రాక్టీసు చేసే రింక్ ఫ్రిస్కోలో మన తెలుగిళ్ళ మధ్యే ఉంది. బదులుగా వచ్చింది ఇద్దరు. ఒకడు కోరీ మిల్లెన్. రెండోవాడికి 18 ఏళ్ళు. అంతకు ఆరు నెలల ముందు డ్రాఫ్ట్‌లో 11వ స్థానంలో డల్లాస్ తీసుకున్న కుర్రాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క ఆటా ఆడలేదు, కామ్లూప్స్‌లో జూనియర్ హాకీ ఆడుకుంటున్నాడు. అతనే ఇగిన్లా.

మరి ఈ ట్రేడ్‌లో గెలిచిందెవరు? చెప్పండి. కాల్గరీ అంటారు. సరే. ఇగిన్లా కాల్గరీకి 1,219 ఆటలాడి 525 గోల్స్ కొట్టాడు. 2001-02లో 52 గోల్స్, 96 పాయింట్లతో (గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి) లీగ్‌లోనే మొదటివాడయ్యాడు. కానీ డల్లాస్ సంగతేంటి? 1999లో డల్లాస్ కప్ గెలిచింది. ఆ ప్లేఆఫ్స్‌లో న్యూవెన్‌డైక్ 11 గోల్స్ కొట్టాడు, అందులో ఆరు ఆటను గెలిపించిన గోల్స్. ప్లేఆఫ్స్ మొత్తానికి ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అతనిదే. అంటే ఇద్దరూ గెలిచారు. కాకపోతే వేర్వేరు సంవత్సరాల్లో గెలిచారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ‘కుర్రాళ్ళని తెచ్చుకుందాం’ అనేవాళ్ళు ఈ ఇగిన్లా పేరే చెప్తారు ఎప్పుడూ. నిజమే, ఇంతకంటే మంచి బేరం కుదరడం కష్టం. కానీ ఈ బేరం తర్వాత కాల్గరీ ఏమైంది? 1997 నుంచి 2003 దాకా వరసగా ఏడేళ్ళు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. ఏడేళ్ళు! 2004లో ఫైనల్‌కి వెళ్ళింది, టాంపా బే చేతిలో ఏడో ఆటలో ఓడింది. దొరికినవాటిలోకెల్లా మంచి కుర్రాడు దొరికితేనే ఇంతకాలం పట్టింది. ఇల్లు అలకగానే పండగ కాదు. కాబట్టి ‘రెండేళ్ళలో మళ్ళీ పైకొస్తాం’ అని ఎవరైనా అంటే, ఏ లెక్కన వస్తారో అడగండి. వచ్చే పిక్‌తో తీసుకునే పిల్లాడికి 18 ఏళ్ళు. మామూలుగా అలాంటివాడు జట్టులో కుదురుకునేసరికి 22, 23 వస్తాయి. మొదటి పది మందిలోవాడైతే కొంచెం ముందే. కింది వరసలోవాడైతే అసలొస్తే గొప్ప.

ఇప్పుడు రెండో ట్రేడ్. 2013 మార్చి 27. ఆ సీజన్ లాకౌట్ (యజమానులు ఆటలు ఆపేయడం) వల్ల 48 ఆటలకి కుదించిన సీజన్. ఇగిన్లాకి 35. ఏడాదికి 70 లక్షల డాలర్ల కాంట్రాక్టు, అదీ ఆ వేసవితో అయిపోతోంది. ఆ ఏడు కాల్గరీకి 31 ఆటల్లో 9 గోల్స్, 13 అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసిన పాస్‌లు). మునుపటి ఇగిన్లా కాదు, అయినా తీసిపారేయాల్సినవాడూ కాదు.

ఆ రాత్రి మేలుకుని ఉన్నవాళ్ళు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. ముందు వచ్చిన వార్త ఏమిటి? ఇగిన్లా బోస్టన్‌కి వెళ్తున్నాడని. బదులుగా మాట్ బార్ట్‌కౌస్కీ అనే డిఫెన్స్ ఆటగాడు, అలెగ్జాండర్ ఖోఖ్లాచెవ్ అనే కుర్రాడు, ఒక ఫస్ట్ రౌండ్ పిక్. టీవీలో చెప్పేశారు. బోస్టన్ మేనేజర్ పీటర్ షియారెల్లి కూడా ఒప్పందం కుదిరిందనే అనుకున్నాడు, తర్వాత ఆ మాట బయటికే చెప్పాడు. తీరా తెల్లారేసరికి ఇగిన్లా పిట్స్‌బర్గ్ మనిషి. కాల్గరీకి వచ్చింది ఇద్దరు కాలేజీ ఆటగాళ్ళు, కెనీ అగొస్టీనో, బెన్ హనౌస్కీ, వాళ్ళతోపాటు పిట్స్‌బర్గ్ ఫస్ట్ రౌండ్ పిక్. ఆ పిక్ 28వది అయింది. దాంతో మోర్గన్ క్లిమ్‌చక్‌ని తీసుకున్నారు.

ఈ ముగ్గురూ కలిసి కాల్గరీకి ఎన్ని ఆటలాడారు? హనౌస్కీ పదహారు, అగొస్టీనో పది, క్లిమ్‌చక్ ఒకటి. ఒకటంటే ఒకటే. పదహారేళ్ళు ఆడిన మనిషికి మొత్తం కలిపి ముప్పై ఆటలు రాలేదు.

‘ఫీస్టర్ మోసపోయాడు’ అంటారు. జే ఫీస్టర్, అప్పటి మన మేనేజర్. ఆయన్ని వెనకేసుకు రావడానికి నేనిక్కడికి రాలేదు. కానీ ఆ రాత్రి ఆయన చేతిలో ఏముందో చూడండి. ఇగిన్లా కాంట్రాక్టులో ‘నో మూవ్‌మెంట్’ షరతు ఉంది. అంటే అతను కాగితం మీద సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప ఎక్కడికీ కదపడానికి లేదు. బోస్టన్ కంటే పిట్స్‌బర్గ్ ఇష్టమన్నాడు. అంతే. వేలంపాటలో పాడేవాడు ఒక్కడే మిగిలాడు. పైగా ఆ సంగతి పాడేవాడికీ తెలుసు. ఇంకెందుకు ధర పెంచుతాడు?

ఈ షరతుల దగ్గర చాలామంది తికమక పడుతుంటారు, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. రెండు రకాలున్నాయి. ‘నో ట్రేడ్’ అంటే ట్రేడ్ చేయకూడదు, అంతవరకే. అతన్ని వేవర్స్‌లో పెట్టొచ్చు, అంటే కావాల్సిన జట్టు తీసుకోవచ్చని వదిలేయొచ్చు, కింది లీగ్‌కి పంపొచ్చు. ‘నో మూవ్‌మెంట్’ అంటే అవి కూడా కుదరవు. వీటిల్లో మళ్ళీ సడలించినవి ఉంటాయి. పదో పదిహేనో జట్ల జాబితా ఆటగాడు రాసిస్తాడు. ‘వీటికి పంపొద్దు’ అనో, ‘వీటికైతేనే వెళ్తా’ అనో. ఈ రెండు జాబితాలకీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. ‘పది జట్లకి వెళ్ళను’ అంటే మేనేజర్‌కి ఇంకో ఇరవై ఒక్క జట్లున్నాయి. ‘పది జట్లకే వెళ్తా’ అంటే, అందులో సగం ఆ ఏడు కొనే స్థితిలోనే ఉండవు. మీ జట్టు కెప్టెన్ గురించి వాదన మొదలుపెట్టే ముందు చూడాల్సింది అతని గోల్స్ పట్టిక కాదు, ఈ షరతు. ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉంది? ఏ ఏడు సడలుతుంది? చాలా పెద్ద కాంట్రాక్టుల్లో మొదటి నాలుగైదేళ్ళు గట్టిగా ఉండి చివర్లో సడలుతుంది. అసలు అమ్మే కిటికీ అక్కడ తెరుచుకుంటుంది.

ఇలాంటిదే 2023లో ప్యాట్రిక్ కేన్ వ్యవహారం. చికాగోకి మూడు కప్పులు గెలిపించినవాడు. న్యూయార్క్ రేంజర్స్‌కే వెళ్తానన్నాడు. ఇంకెవరికీ కాదు. చికాగోకి దక్కిందేమిటి? ఒక సెకండ్ రౌండ్ పిక్, దానిపైన చిన్నాచితకా. రేంజర్స్ కాన్ఫరెన్స్ ఫైనల్‌కి, అంటే సెమీస్‌కి, వెళ్తే అది ఫస్ట్ రౌండ్ అవుతుందని షరతు రాసుకున్నారు. రేంజర్స్ మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చింది. సెకండ్ సెకండ్‌గానే మిగిలింది.

గుంటూరు వైపు వాళ్ళున్నారా? ఉన్నారు. మీకు బాగా తెలుస్తుంది. మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఇంకా పెరుగుతుంది ఇంకా పెరుగుతుంది అని కూర్చుని, చివరికి కొత్త పంట యార్డుకి వచ్చే వేళకి బయటికి తీస్తే ఏమవుతుంది? సరుకు అదే. మొన్నటి సరుకే. కానీ కొనేవాడికి తొందర లేదు, మీకుంది. వెటరన్ ఆటగాడి విషయంలో ఆ కొత్త పంట తేదీ జులై 1. జూన్ 30తో కాంట్రాక్టు అయిపోతే, మర్నాడు మధ్యాహ్నానికి అతను ఎవరితోనైనా సంతకం పెట్టుకోవచ్చు. మీకు ఒక్క పిక్ కూడా రాదు. హైదరాబాద్ వాళ్ళు వార్నర్ సంగతి గుర్తు తెచ్చుకోండి. 2016లో కప్ తెచ్చిన కెప్టెన్. 2021లో పక్కన కూర్చోబెట్టారు, తర్వాత వదిలేశారు. వేలంలో అతని ధర 6.25 కోట్లు, కొన్నది ఢిల్లీ. సన్‌రైజర్స్‌కి బదులుగా ఏ ఆటగాడైనా వచ్చాడా? రాలేదు. అక్కడి పద్ధతి వేరనుకోండి, కానీ చేతిలోంచి జారిపోవడం మాత్రం ఇదే.

అందుకే కాంట్రాక్టు ఆఖరి ఏడాది మార్చిలో అమ్మితే మీరమ్మేది ఆటగాణ్ణి కాదు, మూడు నెలల అద్దెని. అద్దెకి అద్దె ధరే వస్తుంది. అదే ఒకటిన్నర సంవత్సరం ముందు అమ్మితే కొన్నవాడికి రెండు ప్లేఆఫ్స్ దొరుకుతాయి, ధర ఆ మేరకు పెరుగుతుంది. మరి ముందే ఎందుకమ్మరు? ఎందుకంటే ఒకటిన్నర సంవత్సరం ముందు జట్టు ఇంకా ప్లేఆఫ్స్ ఆశలో ఉంటుంది. ఆ ఆశకి టికెట్లు అమ్ముడవుతుంటాయి. కాల్గరీ 2010 నుంచే వరసగా ప్లేఆఫ్స్ తప్పిపోతూ వచ్చింది, ఏటా ఇంకొక్క అడుగు అనుకుంది. 2013 రాత్రి చేసిన తప్పు కంటే 2011లో చేయని పని పెద్దదని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు చివర్లో మాట్లాడదాం.

ఇప్పుడు జీతాల లెక్క. ఇది కొంచెం లెక్కల మాస్టారు పాఠంలా ఉంటుంది, ఓపిక పట్టండి. ప్రతి జట్టుకీ జీతాల పరిమితి ఉంది, దాన్నే క్యాప్ అంటున్నాం. 2025-26కి అది 9 కోట్ల 55 లక్షల డాలర్లు. ‘80 లక్షల ఆటగాణ్ణి ఆ జట్టు ఎలా కొంటుంది, వాళ్ళ దగ్గర చోటే లేదుగా’ అంటుంటారు. క్యాప్‌ని రోజువారీగా లెక్కేస్తారు. సీజన్ సుమారు 190 రోజులు. డెడ్‌లైన్ నాటికి 40 రోజులు మిగిలాయనుకోండి. 80 లక్షల ఆటగాడికి ఆ 40 రోజులకి పడేది సుమారు 17 లక్షలే. మొదటినుంచీ కాస్త పొదుపుగా ఉన్న జట్టుకి అది దొరుకుతుంది. అందుకే అక్టోబరులో కుదరని ట్రేడ్ మార్చిలో కుదురుతుంది.

అది కూడా లేకపోతే? అమ్మే జట్టు జీతంలో కొంత తనే భరిస్తుంది. సగం దాకా భరించొచ్చు. ఒక జట్టు ఒకేసారి ముగ్గురికి మించి ఇలా భరించకూడదు, మొత్తం క్యాప్‌లో 15 శాతం దాటకూడదు. సగం కూడా చాలకపోతే మధ్యలో మూడో జట్టుని దింపుతారు. 2023 ఫిబ్రవరిలో ర్యాన్ ఓరైలీ ట్రేడ్ చూడండి. జీతం 75 లక్షలు. సెయింట్ లూయిస్ సగం ఉంచుకుంది, 37.5 లక్షలు. మిగిలినదాంట్లో సగం మిన్నెసోటా ఉంచుకుంది, 18.75. టొరంటో పుస్తకంలో పడింది 18.75 లక్షలే. పావు ధరకి కెప్టెన్! ఆ భారం మోసినందుకు మిన్నెసోటాకి దక్కింది ఒక ఫోర్త్ రౌండ్ పిక్. సెయింట్ లూయిస్‌కి దక్కినవాటిలో ఒక ఫస్ట్, ఒక సెకండ్, ఒక థర్డ్ ఉన్నాయి.

ఇందులో అమ్మేవాళ్ళు నేర్చుకోవాల్సింది ఏమిటంటే, జీతం మోయడం కూడా సరుకే. కెప్టెన్‌ని పూర్తి జీతంతో ఇస్తే ఒక ధర, సగం జీతంతో ఇస్తే ఇంకో ధర. ‘యజమాని డబ్బు ఎందుకు తగలేయాలి’ అనకండి. తగలేసిన ఆ డబ్బే పిక్ అయి వస్తుంది. అయితే ఒక జాగ్రత్త. 2025-26 నుంచి నియమం మార్చారు. ఒకే కాంట్రాక్టుని రెండో జట్టు కూడా పంచుకోవాలంటే మొదటి పంపకానికీ రెండోదానికీ మధ్య 75 సీజన్ రోజులు గడవాలి. అంటే ఒకే మధ్యాహ్నం మూడు జట్లు కలిసి పావు ధర చేసే పని ఇక కుదరదు. ప్లేఆఫ్స్‌లో కూడా ఆ రోజు ఆడే జట్టు క్యాప్‌కి లోబడాలి. ఇదివరకు ప్లేఆఫ్స్‌లో క్యాప్ ఉండేది కాదు. కాబట్టి పాత ట్రేడ్‌లు చూపించి ‘అప్పుడు ఇంత వచ్చింది, ఇప్పుడూ రావాలి’ అంటే చెల్లదు.

డెడ్‌లైన్ మధ్యాహ్నం మూడు గంటలకి, తూర్పు వేళ. మనకి ఒంటిగంట. చాలామంది ఒంటిగంటా అయిదు నిమిషాలకి ‘మావాడు పోలేదు, బతికిపోయాం’ అని ఊపిరి పీలుస్తారు. తొందరపడకండి. మేనేజర్లిద్దరూ ఫోన్‌లో ఒప్పుకుంటే ట్రేడ్ అయినట్టు కాదు. వివరాలు లీగ్ రిజిస్ట్రీకి రాసి పంపాలి. వాళ్ళు క్యాప్ చూస్తారు, కాంట్రాక్టుల సంఖ్య చూస్తారు, జట్టుకి 50 మించకూడదు. ఆటగాడి షరతు ఉంటే అతను వదులుకున్నట్టు కాగితం ఉందా చూస్తారు. ఆపైన రెండు జట్లనీ లైన్‌లో పెట్టి, ఎవరెవరు ఎటు, ఏ ఏడాది పిక్, ఏ షరతు మీద, అంతా చదివించి ఒప్పిస్తారు. అందరూ చివరి గంటలోనే వస్తారు కాబట్టి వరస కట్టి ఉంటుంది. గడువులోపల వరసలో చేరితే చాలు, ప్రకటన అరగంట తర్వాత కూడా రావచ్చు.

సరే. ఇక వచ్చే సరుకు. కుర్రాళ్ళూ పిక్‌లూ. అందరూ ‘ఫస్ట్ రౌండ్ పిక్’ అంటారు, అదేదో ఒకే నాణెం అయినట్టు. వెటరన్‌ని కొనేది ఎవరు? గెలిచే జట్టు. డ్రాఫ్ట్‌లో కింద పడ్డ జట్లు ముందు ఎంచుకుంటాయి. మరి గెలిచే జట్టు పిక్ ఎక్కడ పడుతుంది? చివర్లో. మీరమ్మిన కెప్టెన్ బాగా ఆడేకొద్దీ మీ పిక్ ఇంకా కిందికి జారుతుంది. తమాషాగా లేదూ?

క్లిమ్‌చక్ 28వ పిక్ అన్నాను కదా. దాని పక్కనే, 29వ పిక్ ఎవరిది? బోస్టన్‌ది. ఇగిన్లా చేజారాక బోస్టన్ యారోమీర్ యాగర్‌ని డల్లాస్ నుంచి తెచ్చుకుంది, అందుకు ఇచ్చిన పిక్ అది. దాంతో డల్లాస్ తీసుకున్నది జేసన్ డికిన్సన్‌ని. డికిన్సన్ ఎన్‌హెచ్‌ఎల్‌లో వందల ఆటలాడాడు. క్లిమ్‌చక్ ఒకటి. పక్కపక్క కుర్చీలు! అదే ఏడు జే బౌమీస్టర్‌ని సెయింట్ లూయిస్‌కి ఇచ్చి తెచ్చుకున్న పిక్ 22వది, దాంతో తీసుకున్న ఎమిల్ పొయిరియే ఎనిమిది ఆటలాడాడు. కాబట్టి ఇరవై దాటిన పిక్ అంటే లాటరీ టికెట్టు. ఒకటి కొని ఇల్లు కట్టుకుంటానంటే కుదరదు, నాలుగైదు కొనాలి. ఎంచేవాడి కన్ను బాగుండాలి.

దీనికి తిరకాసు కూడా ఉంది. 2018 సెప్టెంబరులో ఒట్టావా ఎరిక్ కార్ల్‌సన్‌ని శాన్ హోసేకి ఇచ్చింది. అతనికి 28 ఏళ్ళే, వెటరన్ అనలేం, కానీ పిక్ సంగతి చూడండి. శాన్ హోసే అప్పుడు బలమైన జట్టు. ‘మన పిక్ ఎలాగూ చివర్లోనే’ అనుకుని 2020 ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చేసింది. 2019-20లో ఆ జట్టు కుప్పకూలింది. పిక్ మూడోది అయింది. ఒట్టావా టిమ్ స్టూట్స్‌లేని తీసుకుంది. ఇవాళ కొనే జట్లన్నీ ‘మొదటి పదిలో పడితే ఈ ఏడు ఇవ్వం, వచ్చే ఏడు ఇస్తాం’ అని ఎందుకు రాసుకుంటాయో దీన్ని చూస్తే తెలుస్తుంది. అమ్మేవాళ్ళు చేయాల్సింది దీనికి ఎదురు. ముసలి జట్టు నుంచి ఈ ఏటి పిక్ కాదు, రెండు మూడేళ్ళ తర్వాతి పిక్ అడగాలి. అప్పటికి వాళ్ళెక్కడుంటారో ఎవరు చూడొచ్చారు?

ఇక కాలేజీ కుర్రాళ్ళతో ఇంకో చిక్కు. నాలుగేళ్ళు చదువు పూర్తిచేసి, తీసుకున్న జట్టుతో సంతకం పెట్టకుండా ఆగస్టు 15 దాకా ఆగితే, అతను స్వేచ్ఛాజీవి, ఏ జట్టుతోనైనా సంతకం పెట్టుకోవచ్చు. మీరు కెప్టెన్‌ని ఇచ్చి తెచ్చుకున్న హక్కు గాలికి పోయినట్టే. చివరి ఏడు చదివే కుర్రాణ్ణి తీసుకుంటుంటే, ముందుగానే అతను సంతకం పెడతాడో లేదో కనుక్కోవాలి.

నాకు నచ్చిన పద్ధతి వేరే ఉంది. అది 2022లో ఫిలడెల్ఫియా చేసింది. క్లాడ్ జిరూ కెప్టెన్. మార్చి 17న ఆ చొక్కాతోనే వెయ్యో ఆట ఆడాడు. రెండు రోజుల తర్వాత ఫ్లోరిడాకి వెళ్ళాడు. అతనికీ నో మూవ్‌మెంట్ ఉంది, అతనూ వెళ్తే ఫ్లోరిడాకే అన్నాడు. అంటే ఫీస్టర్ ఇరుక్కున్న ఇరుకే. జీతంలో సగం భరించారు కూడా. కానీ అడిగింది మాత్రం కాలేజీ కుర్రాళ్ళని కాదు. ఓవెన్ టిప్పెట్‌ని అడిగారు. 23 ఏళ్ళు, 2017లో పదో పిక్. ఫ్లోరిడాలో ముందు వరసలన్నీ నిండిపోయి అతనికి చోటు దొరక్క కింది లీగ్‌కీ పైకీ తిరుగుతున్నాడు. చోటు దొరికాక? మరుసటి సీజన్‌లో 27 గోల్స్, ఆపై ఏడు 28. అదే ట్రేడ్‌లో ఫ్లోరిడా ఫస్ట్ రౌండ్ పిక్ కూడా వచ్చింది. 2024లో ఫ్లోరిడా కప్ గెలిచేసరికి అది 32వది అయింది. చిట్టచివరిది!

గమనించారా? పాడేవాడు ఒక్కడే ఉన్నప్పుడు అతని పెట్టెలోని బంగారం అడిగితే ఇవ్వడు. వాళ్ళ అటక మీద పడున్న మంచి సామాను అడగాలి. వాళ్ళకి పనికిరాదు, మనకి పనికొస్తుంది. అలాంటి కుర్రాడికి 22, 23 ఏళ్ళుంటాయి. ఎదిగాడో లేదో సగం తేలిపోయి ఉంటుంది. ప్రమాదమేమిటంటే, వాళ్ళెందుకు వదులుకుంటున్నారో తెలుసుకోవాలి. చోటు లేక అయితే మంచిదే. కాళ్ళు నెమ్మది, డిఫెన్స్ రాదు, అందుకని అయితే ఆ నెమ్మది మన రింక్‌లోనూ నెమ్మదే.

ఇక సెంటిమెంటు. దాన్ని నేను తీసిపారేయను. రే బోర్క్ బోస్టన్‌కి 1,518 ఆటలాడి, 39 ఏళ్ళ వయసులో 2000 మార్చిలో కొలరాడోకి వెళ్ళాడు. తనే అడిగి వెళ్ళాడు. 2001లో కప్ ఎత్తాడు. ఆ కప్పుని బోస్టన్‌కి తెస్తే, వేరే జట్టు గెలిచిన కప్పు చూడటానికి ఊరు ఊరంతా వచ్చింది. ఇగిన్లాకి ఆ అదృష్టం దక్కలేదు. పిట్స్‌బర్గ్ ఆ ఏడు కాన్ఫరెన్స్ ఫైనల్‌లో నాలుగు వరస ఆటలు ఓడింది, నాలుగు ఆటలు కలిపి కొట్టింది రెండే గోల్స్. ఓడించిందెవరు? బోస్టన్. వద్దనుకున్న బోస్టన్! ఆ వేసవిలో ఇగిన్లా వెళ్ళి సంతకం పెట్టింది ఎక్కడ? అదీ బోస్టన్‌లోనే.

వెనక నుంచి ఎవరో మార్చండ్ అంటున్నారు. వస్తున్నా, దాంతోనే ముగిస్తా. బ్రాడ్ మార్చండ్, బోస్టన్ కెప్టెన్, 36 ఏళ్ళు, గాయంతో కూర్చుని ఉన్నాడు, కాంట్రాక్టు ఆఖరి ఏడు. కొత్త కాంట్రాక్టు దగ్గర మాట కుదరలేదు. 2025 మార్చి 7న, డెడ్‌లైన్ రోజున, ఫ్లోరిడాకి ఇచ్చారు. సగం జీతం బోస్టన్ భరించింది. వచ్చింది షరతుతో కూడిన సెకండ్ రౌండ్ పిక్. షరతేమిటి? ఫ్లోరిడా రెండు రౌండ్లు గెలిచి, ఆ ఆటల్లో సగమైనా మార్చండ్ ఆడితే అది ఫస్ట్ రౌండ్ అవుతుంది. గాయం ఉన్నవాడికి రాయాల్సిన షరతు అదే, ఆ ముక్క బాగా రాశారు. ఫ్లోరిడా రెండు కాదు, నాలుగు రౌండ్లూ గెలిచింది. ఫైనల్‌లో మార్చండ్ ఒక్కడే ఆరు గోల్స్ కొట్టాడు. పిక్ ఫస్ట్ రౌండ్ అయింది.

ఇప్పుడు మీ ప్రశ్న, బోస్టన్ ఓడిందా గెలిచిందా అని. ఆ పిక్ 2027లో గానీ 2028లో గానీ వాడేది. దాంతో తీసుకోబోయే కుర్రాడు ఇప్పుడు ఎక్కడో జూనియర్ రింక్‌లో ఆడుతున్నాడు, తన పేరు మీద ఇంత గొడవ జరుగుతోందని వాడికే తెలీదు. అతను కుదురుకునేసరికి 2032. అప్పటికి ఈ హాల్లోనే మళ్ళీ కలుద్దాం, ఎవరి మాట నెగ్గిందో చూద్దాం. ఈలోగా టీ చల్లారిపోతోంది, 2011లో అమ్మాల్సింది కాదనేవాళ్ళు గ్లాసు తీసుకుని నా దగ్గరికి రండి.